లాటెక్ పని అయిపోయిందా?

ప్రాజెక్ట్ రిపోర్టుల సీజన్ వస్తే చాలు, ఆదేశాలు టైప్ చేసి పేజీలు అమర్చుకునే లాటెక్ (LaTeX) సాఫ్ట్‌వేర్ గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతుంది: “లాటెక్ 1980ల నాటి సరుకు. ఫ్రీ కాబట్టి గ్యారెంటీ లేదు. వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్ వచ్చాక దాంతో పనే లేదు. పైగా తెలుగు రాదు.”

పాతదే, నిజం. తన పుస్తకం ప్రూఫులు నచ్చక కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్, పేజీలు అమర్చే టెక్ (TeX) అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. దాని మీద లెస్లీ లాంపోర్ట్ లాటెక్ కట్టారు. టెక్‌లో ఇక కొత్త హంగులుండవు, తప్పులు దిద్దడమేనని 1990లో క్నూత్ తేల్చేశారు. దిద్దినప్పుడల్లా వెర్షన్ నంబరు ‘పై’ (π) విలువకు ఒక అంకె దగ్గరవుతుంది, 2021లో 3.141592653. లాటెక్‌కైతే ఇప్పటికీ ఏటా కొత్త విడుదలలున్నాయి.

గ్యారెంటీ అంటారా, టెక్‌లో తప్పు పట్టినవాళ్లకు క్నూత్ చెక్కు పంపేవారు; 2.56 డాలర్లతో మొదలై ఏటా రెట్టింపవుతూ అది 327.68 డాలర్ల దాకా వెళ్లింది. చాలామంది బ్యాంకులో వేయకుండా ఫ్రేము కట్టించుకున్నారు. నేను డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో తప్పు చూపిస్తే నాకు దక్కింది టికెట్ నంబరే.

ఇక వర్డ్. ఇప్పటి వర్డ్ ఈక్వేషన్ బాక్సు దగ్గర ‘లాటెక్’ అని ఒక బటనే ఉంది! అయినా అసలు తేడా సమీకరణం గీయడంలో లేదు, నంబర్లలో ఉంది. రేపు సబ్మిషన్ అనగా గైడ్ గారు “మూడో చాప్టర్‌కి ముందు ఇంకొకటి పెట్టమ్మా” అంటారు. సమీకరణం 3.7 కాస్తా 4.7 అవ్వాలి, దాన్ని ప్రస్తావించిన ప్రతిచోటా మారాలి. లాటెక్‌లో సమీకరణానికో పేరు పెట్టి ఆ పేరుతోనే పిలుస్తాం కాబట్టి రెండుసార్లు కంపైల్ చేస్తే (అంటే మన ఫైలును లాటెక్‌తో నడిపి పీడీఎఫ్ తీస్తే) అన్నీ సర్దుకుంటాయి. పేరు తప్పు కొడితే నంబరు బదులు రెండు ప్రశ్నార్థకాలు పడతాయి. తప్పు నంబరు కన్నా అదే నయం. వర్డ్‌లోనూ క్రాస్ రిఫరెన్సు ఉంది, కాదనను; అప్‌డేట్ కొట్టడం మర్చిపోతే మాత్రం పాత నంబరే ప్రింటవుతుంది.

టేబుళ్ల దగ్గర లాటెక్ ఏడిపిస్తుంది. రెండు పేజీల లెటరుకు నేనూ వర్డే తెరుస్తాను.

లాటెక్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రాములు ఒకటికి మించి ఉన్నాయి. తెలుగు రాదన్న మాట వాటిలో పీడీఎఫ్‌లాటెక్ (pdfLaTeX) దగ్గర పుట్టి ఉంటుంది; అందులో యూనికోడ్ తెలుగు నేరుగా రాదు. మరొకటైన జీలాటెక్ (XeLaTeX)లో మన కంప్యూటర్‌లో ఉన్న మండలి, రామభద్ర ఫాంట్లే వాడుకోవచ్చు. ఫాంటు పేరుతో పాటు ‘స్క్రిప్ట్ తెలుగు’ (Script=Telugu) అని చెప్పాలి, అంతే. అది చెప్పకపోతే ‘స్త్రీ’ ముక్కలై ‘స్‌త్‌రీ’లా పడుతుంది. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. ఆ ఒక్క మాట చేర్చి మళ్లీ కంపైల్ చేయండి, వత్తులు వాటి చోట్లోకి వచ్చి కూర్చుంటాయి.