బొమ్మ పచ్చలైటు వేసింది, అయితే ఏంటి?

2021 అక్టోబర్‌లో కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో 46 ఏళ్లకే వెళ్లిపోయాక బెంగళూరు ఎంత ఉలిక్కిపడిందో మళ్లీ చెప్పక్కర్లేదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్లుండే అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు క్లబ్‌హౌస్‌లో సీపీఆర్ (గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి ప్రాణం నిలపడం) క్లాసు పెట్టించడం మామూలైపోయింది. మంచిదే. కానీ అక్కడ నొక్కడం నేర్చుకునే బొమ్మకీ, సరిగ్గా నొక్కామో లేదో చెప్పే ఫోన్ యాప్‌కీ బ్లూటూత్ కలవకపోతే పడే టెన్షన్‌లో పదో వంతు కూడా అసలు లోపం మీద పడరు.

కలవకపోవడం చిన్న విషయం. చాలాసార్లు పక్కగదిలో ఆన్‌లో ఉన్న పాత ట్యాబే ఆ బొమ్మను పట్టుకుని కూర్చుంటుంది, దాని బ్లూటూత్ ఆపేస్తే సరి. ఆండ్రాయిడ్ 11 దాకా లొకేషన్ ఇవ్వకపోతే యాప్‌కి బొమ్మ కనిపించకపోవచ్చు, 12 నుంచి దగ్గర్లోని పరికరాల కోసం వేరే అనుమతి అడుగుతుంది, మనవాళ్లు చదవకుండానే వద్దని నొక్కేస్తారు. అదీ కాకపోతే బ్యాటరీలు.

అసలు తంటా బొమ్మ ఛాతీలోని స్ప్రింగుతో. పెద్దవాళ్ల ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. చాలా బొమ్మల్లో సెన్సర్ కొలిచేది ఈ లోతునే, మీరు పెట్టిన బలాన్ని కాదు. వందలమంది నొక్కి నొక్కి స్ప్రింగు వదులైన బొమ్మ కాస్త ఒత్తితేనే 5 సెంటీమీటర్లు దిగిపోతుంది, యాప్ శభాష్ అంటుంది, నేర్చుకునే మనిషి చేతులకి ఆ కొద్దిపాటి బలమే అలవాటవుతుంది. రేపు నిజం మనిషి ఛాతీ మీద అదే బలం పెడితే? ఎర్రర్ మెసేజీ రాదు, యాప్ అప్‌డేట్ చేసినా దొరకదు, లోతు సరిగ్గానే కొలుస్తోంది కదా! కొత్త బొమ్మను పక్కన పెట్టుకుని ఒకే మనిషి రెండింటినీ నొక్కి చూస్తేనే తేడా తెలిసేది. అంత ఓపిక ఎంతమంది ట్రైనర్లకుంది?

యాప్ లేకుండానే తరాలు నేర్చుకున్నాయి, ఇదంతా అతి అనేవాళ్లున్నారు. 1960లో నార్వేలో లెర్డాల్ అనే బొమ్మల తయారీదారు మొదటి సీపీఆర్ బొమ్మ చేసినప్పుడు బ్లూటూత్ ఎక్కడిది, నిజమే. కానీ కంటిచూపుతో లోతు చెప్పడం కష్టం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019 నుంచి పెద్దవాళ్ల సీపీఆర్ కోర్సుల్లో, నొక్కడం సరిగ్గా ఉందో లేదో అప్పటికప్పుడు చెప్పే ఫీడ్‌బ్యాక్ పరికరం ఉండాల్సిందేనంది, సరదాకి కాదు.

ఆ మాటకొస్తే మనం దేన్ని బాగుచూసుకుంటున్నాం? మురుగునీటిని శుద్ధి చేసే ఎస్టీపీ కట్టిస్తాం, నడపం. మంటలార్పే సిలిండర్ గోడకి తగిలిస్తాం, దాని ప్రెషర్ ముల్లు ఎక్కడుందో చూడం. కొనేటప్పుడు మూడు కొటేషన్లు తెప్పించే అసోసియేషన్, ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు (ఏఎంసీ) అనేసరికి 'వచ్చే ఏడు చూద్దాంలెండి' అంటుంది. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ (కొన్న వస్తువు బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది, ఫోన్లు, కార్లు, ట్రాక్టర్ల గురించి కాస్తో కూస్తో మాట్లాడుకున్నాం. ప్రాణం నిలబెట్టడం నేర్పే బొమ్మకి స్ప్రింగు ఎప్పుడు మార్చాలో దాని మీదే రాయండని అడిగినవాడు మాత్రం నాకు కనపడలేదు. ఈసారి మీ క్లబ్‌హౌస్‌కి ట్రైనర్ వస్తే సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని కాదు, ఆ స్ప్రింగు ఎప్పుడు మార్చారని అడగండి.