పిల్లాడి ఫైలు సరిహద్దు దాటుతుంది, థెరపిస్టు లైసెన్సు దాటదు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక తెలుగు కుటుంబం ఉందనుకుందాం. నాలుగేళ్ల బాబుకి మాటలు ఆలస్యం. వారానికి రెండుసార్లు వీడియోలో స్పీచ్ థెరపీ. థెరపిస్టుకి తెలుగు వచ్చు కాబట్టి వాడు ‘నీళ్లు’ అన్నా ‘వాటర్’ అన్నా ఆమె దాన్ని ఒక మాట కిందే లెక్కేస్తుంది. ఇంతలో వాళ్ల నాన్నకి టెక్సస్‌లోని డాలస్‌లో ఉద్యోగం, ఇల్లు ఆ పక్కనున్న ఫ్రిస్కోకి మారింది. అదే ల్యాప్‌టాప్, అదే థెరపిస్టు, థెరపీ మానడం ఎందుకు? ఎందుకంటే ఆమెకి టెక్సస్ లైసెన్సు లేదు. ఆన్‌లైన్‌లో చూసినా సరే, లైసెన్సు ఉండాల్సింది పిల్లాడు కూర్చున్న రాష్ట్రంలో.

అమెరికాలో స్పీచ్ థెరపిస్టులకి, వినికిడి చూసే ఆడియాలజిస్టులకి లైసెన్సులిచ్చేది రాష్ట్రాలే. చదువులో పెద్ద తేడా ఉందా అంటే లేదు. జాతీయ వృత్తి సంఘం ‘ఆషా’ సర్టిఫికెట్ కావాలంటే స్పీచ్ వాళ్లకి మాస్టర్స్, 400 గంటల క్లినికల్ అనుభవం, ఆపైన పెద్దల పర్యవేక్షణలో పనిచేసే 36 వారాల ఫెలోషిప్, ప్రాక్సిస్ అనే జాతీయ పరీక్షలో కనీసం 162 మార్కులు. చాలా రాష్ట్రాలు లైసెన్సుకి అడిగేవీ దాదాపు ఇవే. అయినా సర్టిఫికెట్ ఉంటే సరిపోదు. ఒకచోట లైసెన్సు ఉన్నా రాష్ట్రం మారితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు, కొన్నిచోట్ల వేలిముద్రలు. టెక్సస్‌లోనైతే ఆ రాష్ట్ర నిబంధనల మీద ఇంకో పరీక్ష.

అలాగని లైసెన్సులే వద్దనేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. ‘మాటలు నేర్పడానికి లైసెన్సెందుకండీ’ అని తేలిగ్గా అంటారు గానీ, పక్షవాతం వచ్చిన మనిషి ఏ తిండి, ఏ పానీయం మింగగలడో ఆసుపత్రిలో పరీక్షించి చెప్పేది కూడా వీళ్లే. అక్కడ అంచనా తప్పితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. తప్పు చేసినవాళ్ల మీద ఫిర్యాదు తీసుకుని లైసెన్సు పీకేసే అధికారం ఎవరికో ఒకరికి ఉండి తీరాలి. నా పేచీ ఆ అధికారంతో కాదు, అది రాష్ట్రం గీత దగ్గర ఆగిపోవడంతో.

మనలాంటివాళ్లకి ఈ గీత మరీ ఇబ్బంది. తెలుగు వచ్చిన థెరపిస్టు దొరకడమే గగనం. భాష రానివాళ్లు పరీక్షిస్తే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. ఇంగ్లిష్‌లో మాట మొదట్లో వచ్చే ‘ప’ని కాస్త గాలి ఊది పలుకుతారు, తెలుగులో ఊదం. మన పిల్లాడు ‘పిన్’ అంటే అమెరికా చెవికి ‘బిన్’ అని వినపడొచ్చు. అది లోపం కాదు, తెలుగు. తెలిసినవాళ్లు నవ్వి వదిలేస్తారు, తెలియనివాళ్లు తప్పుల ఖాతాలో రాస్తారు. పిల్లల్ని వీలైనంతవరకు వాళ్ల సొంత భాషలోనే పరీక్షించాలని ‘ఐడియా’ అనే ప్రత్యేక విద్యా చట్టం చెప్తోంది. కానీ ఆ భాష వచ్చిన మనిషి పక్క రాష్ట్రంలో ఉంటే లైసెన్సు అడ్డం.

విచిత్రమేమిటంటే అదే చట్టం కింద, పిల్లాడికి ఏ సేవలు కావాలో రాసి బడి తయారుచేసే ప్లాన్, ఐఈపీ ఫైలు, రాష్ట్రం దాటుతుంది. ఎడిసన్ బడిలో వాడికి స్పీచ్ సేవలు రాసి ఉంటే, ఫ్రిస్కో బడి తన సొంత పరీక్షలు చేసి కొత్త ప్లాన్ రాసేవరకు అలాంటి సేవలే ఇవ్వాలి. పిల్లాడి అవసరం రెండుచోట్లా ఒకటేనని ఒప్పుకున్న దేశం, థెరపిస్టు పనితనం దగ్గరికొచ్చేసరికి మళ్లీ మొదటినుంచీ రుజువులు అడుగుతోంది.

దీనికి విరుగుడుగానే రాష్ట్రాల మధ్య ఒప్పందం ఒకటి పుట్టింది, కాంపాక్ట్ అంటారు. సొంత రాష్ట్రంలో లైసెన్సు ఉంటే, ఒప్పందంలో ఉన్న మిగతా రాష్ట్రాల్లో పనిచేయడానికి విడిగా లైసెన్సు అక్కర్లేదు, అనుమతి తీసుకుంటే చాలు. పేషెంటు ఉన్న రాష్ట్రం నియమాలే వర్తిస్తాయి, తప్పు చేస్తే ఆ అనుమతి రద్దుచేసే హక్కూ ఆ రాష్ట్రానిదే. నేను పైన చెప్పిన అధికారం చెక్కుచెదరలేదు, చూశారా. అమల్లోకి రావడానికి పది రాష్ట్రాలు చేరాలన్న షరతు 2021లోనే తీరింది. కానీ లైసెన్సుల వివరాలు పంచుకునే కంప్యూటర్ వ్యవస్థ సిద్ధం చేయడానికే ఏళ్లు పట్టింది. పైగా 2024 నాటికి కూడా, మనవాళ్లు బోలెడంతమంది ఉన్న కాలిఫోర్నియా అందులో చేరలేదు.

ఆడియాలజిస్టుల సంగతి ఇంకో తమాషా. కాలిఫోర్నియాలో మామూలు ఆడియాలజిస్టు లైసెన్సు వేరు, చెవి మిషన్లు కూడా అమ్మే ఆడియాలజిస్టు లైసెన్సు వేరు. మరోపక్క 2022 అక్టోబరు నుంచి దేశమంతటా 18 ఏళ్లు దాటినవాళ్లు, వినికిడి లోపం ఓ మోస్తరుగా ఉంటే, ఏ చీటీ లేకుండా షాపులో మిషన్ కొనుక్కోవచ్చు.

ఇల్లు మారబోయేవాళ్లు మూవర్స్‌కి ఫోన్ చేసేముందే థెరపిస్టుని ఒక మాట అడగండి, ‘మీకు ఏయే రాష్ట్రాల్లో లైసెన్సు ఉంది?’ అని. వెళ్లబోయే రాష్ట్రం ఆ జాబితాలో లేకపోతే అక్కడి వేరే థెరపిస్టు వెయిటింగ్ లిస్టులో ఇప్పుడే పిల్లాడి పేరు రాయించండి. థెరపిస్టు పేరు కొడితే లైసెన్సు ఉందో లేదో ఆ రాష్ట్రం లైసెన్సింగ్ బోర్డు సైటులోనే కనపడుతుంది.