బలపం తిన్న నోటికి స్పెయిన్ వైన్

స్పెయిన్ వైన్ గురించి తీర్పు చెప్పే అర్హత నాకు ఉంది. మొన్న గ్లాసును కాడ దగ్గర పట్టుకుని మూడుసార్లు తిప్పాను, చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు. తర్వాత కళ్లు మూసుకుని "తోలు... పొగాకు... ఎండు అంజీర్" అన్నాను. పక్కనున్న మా బావమరిది "ద్రాక్ష వాసన రావట్లేదా బావా?" అని అడిగాడు. కళలు క్షీణించేది ఇలాంటివాళ్ల వల్లే.

రసజ్ఞుడికి మొదటి పాఠం ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతం. అక్కడి ఎర్రవైన్‌లో పెద్దరికం తెంప్రానియో ద్రాక్షది. స్పానిష్‌లో 'తెంప్రానో' అంటే పెందలాడే అని. పెందలాడే పండిన ద్రాక్షను ఏళ్ల తరబడి చీకట్లో కూర్చోబెట్టడమే రియోహా నాగరికత. వైన్ క్రియాన్సా అనే హోదా అనిపించుకోవడానికి రెండేళ్లు, రిసెర్వాకు మూడేళ్లు, గ్రాన్ రిసెర్వాకు ఐదేళ్లు, అందులో కనీసం రెండేళ్లు ఓక్ పీపాలో. మా బావమరిది ఇంజినీరింగ్‌కూ ఐదేళ్లే పట్టింది. అతన్ని ఎవరూ గ్రాన్ రిసెర్వా అనలేదు.

ఆ వైన్‌లో వెనిల్లా వాసన వస్తే అది ద్రాక్ష ప్రతిభ కాదు, అమెరికా ఓక్ చెక్కది. చెక్క వాసనకు డబ్బు కట్టి, పైగా ఆనందించగలవాడే రసజ్ఞుడు.

స్పెయిన్ వైన్ చట్టంలో రియోహాతో సమానంగా పై మెట్టు దక్కిన ప్రాంతం ఇంకొక్కటే, కతలోనియాలోని ప్రియొరాత్. అక్కడ నేలంతా పలకరాయి. వైన్‌లో ఆ రాయి రుచి తెలుస్తుందని పెద్దలు అంటారు. నాకు వెంటనే తెలిసింది. ఒకటో తరగతిలో పలకను నాలుకతో తుడిచి, బలపం కొరుక్కుతిన్న తరం మాది. ఫ్రెంచివాళ్లకు ఈ శిక్షణ ఎక్కడిది?

అసలు పరీక్ష దక్షిణాన హెరెథ్‌లో, ఆల్కహాల్ కలిపి ఘాటు పెంచిన షెర్రీ అనే వైన్ దగ్గర. మా ఇంట్లో ఆవకాయ జాడీ మీద బూజు కనిపిస్తే తడిచెయ్యి పెట్టిందెవరని విచారణ జరిగేది. హెరెథ్‌లో పీపాను కావాలనే వెలితిగా నింపుతారు. పైన తెల్లటి ఈస్ట్ పొర తేలితే కంగారుపడరు, దానికి 'ఫ్లోర్', అంటే పువ్వు, అని పేరు పెట్టి సాకుతారు. ఆ పొర గాలి తగలనివ్వదు కాబట్టి కింద వైన్ లేత రంగులో, బాదం వాసనతో, చుక్క తీపి లేకుండా ఉంటుంది. అది ఫినో. పొర మధ్యలో చచ్చిపోతే గాలి సోకి రంగు ముదిరి అమొంతియాదో అవుతుంది. ఆల్కహాల్ 17 శాతానికి పెంచి పొరను బతకనివ్వకపోతే ఒలొరోసో. బూజుకు ఇంత రాజ్యాంగం రాసిపెట్టారని తెలిస్తే మా నాయనమ్మ జాడీలు పారబోసేది కాదు.

కానీ ఇక్కడొక అన్యాయం ఉంది. వరస మీద వరసగా పేర్చిన పీపాల్లో అడుగు వరసలోంచి కొంత తీసి సీసాల్లో పోస్తారు, ఆ వెలితిని పై వరసతో నింపుతారు, అన్నిటికన్నా పై వరసలో కొత్త వైన్ పడుతుంది. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకు తోడైనట్టు, పాతది కొత్తదాంట్లో కలిసిపోతూనే ఉంటుంది. ఇక సీసా మీద ఏ సంవత్సరం వేస్తారు? మామూలుగా వెయ్యరు. సంవత్సరం చదివి "ఆహా!" అనే అవకాశం లేకపోతే రసజ్ఞుడు బతికేదెలా?

ఎండబెట్టిన ద్రాక్షతో చేసే పెద్రో హిమెనెథ్ గురించి ఎక్కువ చెప్పను. సీసాలోంచి పాకంలా దిగుతుంది. తీపి నచ్చిందనడం మాకు పరువు తక్కువ. రెండు గ్లాసులు తాగాను.

ఇంత శాస్త్రం కట్టిన దేశం దాన్ని ఎలా గౌరవిస్తోందో చూడండి. ఉత్తరాన బాస్క్ ప్రాంతపు కుర్రాళ్లు ఎర్రవైన్‌లో సగానికి సగం కోలా పోసి 'కలిమోచో' అంటారు. అదీ సహించాను. రియోహాలోనే ఉన్న 'ఆరో' అనే ఊళ్లో ఏటా జూన్ 29న జనం తెల్లబట్టలు కట్టుకుని కొండెక్కి, బక్కెట్లతో, పురుగుమందు కొట్టే పంపులతో వైన్ ఒకరి మీద ఒకరు కుమ్మరించుకుంటారు. వీడియో చూసి మా బావమరిది పొంగిపోయాడు, వచ్చే ఏడాది పోదామంటున్నాడు. నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఏ బక్కెట్ మీదా లేబుల్ లేదు. నెత్తిన పడ్డది క్రియాన్సానో గ్రాన్ రిసెర్వానో తెలియకుండా కళ్లు మూసుకుని ఏమనాలి?