మహారాజశ్రీ స్పీడ్ బ్రేకర్ గారికి

మహారాజశ్రీ మా కాలనీ మలుపు స్పీడ్ బ్రేకర్ గారి సముఖమునకు, పొట్టి స్ప్రింగులేసి కారు ఎత్తు తగ్గించుకున్నవాళ్లమూ తగ్గించుకోబోయేవాళ్లమూ కలిసి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంజిన్ అడుగున ఆయిలుండే ఛాంబర్ క్షేమమో కాదో తెల్లారి సెల్లార్‌లో ఆయిల్ మరక చూసి చెప్తాం.

కారుని నేలకి దగ్గర చేసే లోయరింగ్ స్ప్రింగులు ఎంచుకోవడమంటే కేటలాగు తిరగేసి 25, 35, 50 మిల్లీమీటర్లలో కంటికి నచ్చింది తీసుకోవడమేనని చాలామంది నమ్మకం. వాళ్లకి మీ సంగతి తెలియదు. జర్మనీ కంపెనీ ఐబాక్ స్ప్రింగు చుట్టవచ్చు గాక, అది ఎంత దిగాలో కొండాపూర్ రోడ్డు మీద అడ్డంగా పడుకుని నిర్ణయించేది తమరే.

తమరి జాతకం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసింది, ఐ.ఆర్.సి. 99 అనే పత్రంలో. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వీపు వంపు 17 మీటర్ల వ్యాసార్ధం, దాటే వేగం గంటకు 25 కిలోమీటర్లు. జాతకం చూస్తే పరమ సాత్వికులు. పుట్టింది మాత్రం రోడ్డేసిన మర్నాడు మిగిలిన తారుతో, రాత్రికి రాత్రి, రెండడుగుల వెడల్పున, ఆరంగుళాల ఎత్తున. ఒంటి మీద తెల్లగీత కూడా లేదు.

ఆ తేడా విలువ లెక్కలో చూడండి. స్విఫ్ట్ కారు గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ కారు అడుగుకీ మధ్య ఖాళీ, 163 మి.మీ. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2,450 మి.మీ. జాతకంలో ఉన్నట్టే తమరు పుట్టి ఉంటే, కారు వీపు మీదికి ఎక్కినప్పుడు చక్రాలూ దాంతో పాటే లేస్తాయి. మధ్యలో పొట్ట కింద తమరు ఆక్రమించేది 44 మి.మీ. అంతే. 35 దించి, నలుగురెక్కి ఇంకో పాతిక కిందికి కూర్చున్నా, మిగిలే 103లో హాయిగా దాటేయొచ్చు. ఇప్పుడున్న అవతారంలో ముందు చక్రాలు దాటి కిందికి దిగిపోతాయి, వెనకవి ఇంకా రానేలేదు, మధ్యలో తమరు పూర్తి 150 మి.మీ. నిలబడి ఉంటారు. అదే 103 మీద. ఆ గర్ర్‌మనే చప్పుడు కారులోవాళ్ల కంటే ముందు పక్కన టీ కొట్టువాడికి వినిపిస్తుంది.

అందుకే స్ప్రింగు ఆర్డర్ పెట్టే ముందు టేపు పట్టుకుని తమరి దర్శనానికి రావాలి. అడ్డంగా ఒక చెక్కబద్ద పెట్టి శిఖరం ఎత్తు కొలవాలి. తర్వాత కారు కింద దూరి, బ్రోచర్‌లో అంకె కాదు, నిజంగా అన్నిటికంటే కిందున్న భాగం కొలవాలి. అది ఛాంబరో, సైలెన్సర్ పైపు జాయింటో, ముందు బంపర్ కింద ప్లాస్టిక్ పెదవో కారుని బట్టి ఉంటుంది. కొలిచేటప్పుడు నేల సమంగా, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిమధ్య (హబ్) నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలిచి రాసిపెట్టుకోవాలి. దించాక ఏ మూల ఎంత కుంగిందో చెప్పేవి ఆ నాలుగు అంకెలే. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు పైకొచ్చి రోడ్డుని కలిసే అంచు మీకు స్వయానా బంధువు, దాన్నీ కొలవాలి. ఈ లెక్కలన్నీ అయ్యాక హైదరాబాద్‌లో రోజూ తిరిగే హ్యాచ్‌బ్యాక్‌కి సాధారణంగా దించడానికి మిగిలేది 25 మి.మీ., మహా అయితే 30. యాభై దించిన కారు అవుటర్ మీద అందంగానే ఉంటుంది. అవుటర్ దాకా వెళ్లాలి కదా!

"కొత్త స్ప్రింగులెందుకన్నా, రెండు చుట్లు కోసేస్తే సెట్ అయితది" అనే మహానుభావులు ఈ ఊళ్లో కొదవ లేదు. వాళ్లు మీ రహస్య ఏజెంట్లని మా అనుమానం. స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకి విలోమంగా ఉంటుంది. ఆరు చుట్లలో ఒకటి కోస్తే 20 శాతం గట్టిపడుతుంది, రెండు కోస్తే 50 శాతం. సీటులో ఒదగడానికి తీర్చిన చివర పోతుంది. చక్రం గాల్లోకి లేస్తే పొట్టి స్ప్రింగు సీటులోంచి వదులై, దిగేటప్పుడు ఎక్కడ కూర్చోవాలో మర్చిపోతుంది. గ్యాస్ టార్చ్‌తో కాల్చి కుంగదీసేవాళ్లది ఇంకా పెద్ద చదువు. ఆ వేడికి ఉక్కులో పదును పోయి స్ప్రింగు నెలనెలా ఇంకాస్త వంగి నమస్కారం చేస్తుంది.

మంచి స్ప్రింగు కొన్నవాళ్లనూ తమరు వదలరు, ఎందుకంటే తమరి అసలు గురి షాకప్పుల మీద. స్ప్రింగు బరువు మోస్తుంది, మింగిన దెబ్బని తిరిగి కక్కుతుంది. ఆ కక్కేదాన్ని పట్టి ఆపడం షాకు పని. స్ప్రింగు 20 శాతం గట్టిపడితే షాకు పట్టు సుమారు 10 శాతం పెరగాలి, 50 శాతం గట్టిపడితే 22 శాతం. ముఖ్యంగా చాచుకునే వైపు. అందుకే కోనీ కంపెనీ పసుపురంగు షాకుల్లో తిప్పి సరిచేసుకునేది ఆ వైపు పట్టునే. కంపెనీ షాకు మంచి స్థితిలో ఉంటే 25 మి.మీ. దింపుని భరిస్తుంది. అరవై డెబ్భై వేల కిలోమీటర్లు మీ వీపులు తొక్కిన షాకు మీద కొత్త స్ప్రింగు వేస్తే, మిమ్మల్ని దాటాక కారు ఇంకో రెండు ఊపులు ఊగి అప్పుడు నిలబడుతుంది. ఎలాగూ విప్పుతున్నారు, కూలీ ఒకటే. షాకు, పైన మౌంటింగు, బేరింగు, డస్ట్ కవరు అప్పుడే మార్చుకోవడం తెలివి.

ఇంకోటుంది, కంటికి కనపడనిది. షాకు లోపలికి దిగడానికి 80 మి.మీ. చోటుందనుకోండి. అందులో 50, షాకు అడుగంటకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుదే. ఖాళీ 30. ఇక్కడ 35 దించితే, కారు ఎక్కడికీ కదలకుండానే రబ్బరు మీద కూర్చుంది! ఇక స్ప్రింగు ఎంత ఖరీదైనదైతేనేం, మోసేది రబ్బరే. స్ప్రింగుతో వచ్చిన కాగితంలో రబ్బరు ఎంత కోయాలో, ఏ వైపు కోయాలో ఉంటే అంతే కోయాలి. ఎక్కువ కోస్తే షాకులో పిస్టన్ అడుగుకి కొట్టుకుంటుంది. పొట్టి స్ప్రింగుకి పొట్టి షాకే జోడీ: బిల్‌స్టీన్ కంపెనీ షాకుల్లో బి6 మామూలు ఎత్తుకి, బి8 దించిన కారుకి. పేరు గొప్పదని బి6 మీద బాగా పొట్టి స్ప్రింగు వేయడం, పెళ్లికొడుక్కి తండ్రి చొక్కా తొడగడం లాంటిది. మీ కారుకి పొట్టి షాకు దొరక్కపోతే 25 దగ్గరే ఆగండి.

బిగించేచోట తమరికి పని తగ్గించే మెకానిక్కులూ ఉన్నారు. చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ బోల్టుల్ని కారు జాకీ మీద వేలాడుతుండగానే పూర్తిగా బిగించేస్తారు. కిందికి దించగానే బుష్ రబ్బరు మెలితిరిగి, అలాగే బతుకుతూ కొన్నాళ్లకి చిరుగుతుంది. చక్రాలు నేలమీద, బరువు వాటిమీద ఉన్నాకే ఆఖరి బిగింపు. షాకు పై నట్టు మీద ఇంపాక్ట్ గన్ పెట్టి గిర్రున తిప్పితే, రాడ్డు కూడా తిరిగి సీలు దెబ్బతింటుంది. దించిన కారుకి టో (పైనుంచి చూస్తే చక్రం తిరిగి ఉన్న కోణం), కాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలిన కోణం) రెండూ మారతాయి. అలైన్‌మెంట్ చేయించకపోతే టైరు లోపలి అంచు తినేసి బయటి అంచు కొత్తగా నవ్వుతుంటుంది. స్ప్రింగు కాస్త సర్దుకున్నాక, ఓ 500 కిలోమీటర్లకి, మళ్లీ ఒకసారి చూపించాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎక్కడ పడుతోందో కూడా.

ఇక మా వినతులు. కారు తమరి మీద ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే ముక్కు ఇంకా వంగుతుంది కాబట్టి, మేం ముందే వేగం తగ్గించి, పాదం తీసేసి, ఒక్కో చక్రం చొప్పున ఏటవాలుగా ఎక్కుతాం. వెనక హారన్ కొట్టే ఆటో అన్నకి ఆ కారణం తమరే వివరించాలి. వానాకాలంలో నీళ్ల కింద దాక్కోవద్దు. వచ్చేసారి రోడ్డేసినప్పుడు పాత శరీరం మీదే కొత్త శరీరం పోయించుకోవద్దు. మేం కొలిచింది పాతదాన్ని.

ఇట్లు,
నేలకి 138 మిల్లీమీటర్ల ఎత్తున నివసించు
తమ విధేయులు

తా.క.: ఛాంబర్ బోల్టు మీది తమరి తారు మరక ఇంకా పోలేదు. సర్వీసులో అడిగితే ఏం చెప్పమంటారు?