బాలింత పథ్యం పాలసొర గారికి

మహారాజశ్రీ సొరచేప (షార్క్) వంశపు పాలసొర గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి మర్యాదకి మా ఇంట్లో ఏ లోటూ లేదు, బావగారికి కూడా ఇంత జరగట్లేదు. నా బాధంతా పులస గురించి.

ఎర్రనీరు దిగగానే నాన్న వేలు పోసి పులస తెచ్చారు. దాకలో పులుసు కాగి, రాత్రంతా ఊరి, ఇవాళ మధ్యాహ్నం కంచాలు పెట్టుకునే వేళకి అమ్మ ఫోన్ పట్టుకొచ్చింది. "చేపల్లో పాదరసం ఉందంట, నరాలు పడిపోతాయంట" అని దాక దాకంతా పక్కింటికి ఇచ్చేసింది. పక్కింటివాళ్ళ నరాల గురించి ఎవరూ ఆలోచించలేదు. వాళ్ళూ ఆలోచించలేదు, దాక కడిగి మరీ పంపారు.

ఆ వెంటనే అదే పొయ్యి మీద, బాలింత అయిన మా అక్క కోసం తమరిని ఉడకబెట్టి, చిదిమి, వెల్లుల్లి దట్టంగా వేసి వేయించారు. "అదీ చేపే కదమ్మా?" అన్నాను. "నోర్ముయ్. అది చేప కాదు, పాలు పడే మందు" అంది అమ్మ.

అయ్యా మందు గారూ, పులస తినేది నీళ్ళలో తేలే నాచూ నలకలూ. తమరు తినేది చేపల్ని, వాటిలో కొన్ని ఇంకో చేపని తిన్నవి. అలా ఒకరి పొట్టలోంచి ఒకరి పొట్టలోకి వెళ్ళేకొద్దీ మిథైల్ మెర్క్యురీ, అంటే చేపల్లో చేరే పాదరసం రూపం, పోగుపడుతుంది. అందుకే అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ మానేయమన్న చేపల్లో సొరలున్నాయి. సొరల్లో తమరు చిన్నవారే, తమ అన్నగార్లంత బరువు మోయకపోవచ్చు. బిడ్డ కడుపులో ఉండగా మాయ దాటి వెళ్ళినంత పాలలోకి వెళ్ళదు కూడా, ఒప్పుకుంటాను. కానీ పులసని గెంటేసిన ఇంట్లో తమరికి పీట వేయడమేంటండీ?

ఈ పాదరసం చింతపండు రసానికి విరిగిపోతుందని పెద్దత్త సిద్ధాంతం. అది కండని అంటిపెట్టుకుని ఉంటుంది, ఉడికించినా వేయించినా పోదు. రక్తంలోకి ఎక్కింది సగానికి తగ్గడానికే దాదాపు 50 రోజులు. ఈ ముక్క డిటాక్స్ జ్యూస్ అమ్మే తమ్ముడి ఫ్రెండ్‌తో అంటే, 50 రోజుల ప్యాకేజీ ఉందక్కా అన్నాడు.

అయినా తమరిని అని ఏం లాభం? పాదరసం తమరు పుట్టించారా? బొగ్గు కాల్చిన పొగలో లేచి, బంగారం తవ్విన చోట కారి, సముద్రంలో సూక్ష్మజీవుల చేతుల్లో మిథైల్ మెర్క్యురీగా మారి తమరి దాకా వచ్చింది. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిందీ ఇదే: వదిలింది రసాయనాల ఫ్యాక్టరీ, కాళ్ళూ చేతులూ వంకర్లు పోయింది జాలరి కుటుంబాలకి. వదిలినవాడికి ఏ ఫార్వర్డూ రాదు. వాడి కంచంలోంచి ఎవడూ దాక ఎత్తుకెళ్ళడు. భయమంతా వంటింటికే, అది కూడా తప్పు చేప మీద.

కాబట్టి దయచేసి మా అక్క కంచంలోంచి లేవండి. బిడ్డ ఎంత తాగితే పాలు అంత పడతాయి, దానికి తమరి సిఫార్సు అక్కర్లేదు. చేప కావాలంటే కవళ్ళూ నెత్తళ్ళూ ఉన్నాయి. చవక కాబట్టి అమ్మకి ఆనవు గానీ, వాటిలో పాదరసం తక్కువ. రేపు బుట్ట దింపే ఆవిడతో నేనే మాట్లాడుకుంటాను.

ఇట్లు,
బాలింత గారి చెల్లెలు