ఫ్యాన్ తిరుగుతోంది సరే, గాలి కదులుతోందా?

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా చనిపోయారు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చెక్క గుజ్జు నుంచి తీసే తెల్లటి మెత్తని పొడి అది. మనం మింగే మాత్రల్లో చాలావాటికి ఆకారం ఇచ్చేది అదే. అంతకు పది నెలల ముందు, 2024 ఆగస్టు 21న, అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియాలో ఎంటీబీఈ అనే సాల్వెంట్ (మందుల తయారీలో పదార్థాలను కరిగించే ద్రవం) లీకై, ఆవిరి అంటుకుని 17 మంది ప్రాణాలు పోయాయి. ఒకచోట పొడి, ఇంకోచోట ఆవిరి. ఏదైనా సరే, గాలిలో తగిన పాళ్లలో కలిసిందంటే ఒక్క రవ్వ చాలు. టొలీన్ లాంటి సాల్వెంట్‌కైతే గాలిలో ఒక శాతం కాస్త దాటితే ఆ పాళ్లు వచ్చేస్తాయి.

ఈ రెండు ఘటనల తర్వాత పరిహారం గురించి, అరెస్టుల గురించి చాలా మాట్లాడుకున్నాం. మాట్లాడాల్సిందే. కానీ ఇలాంటి ఫ్యాక్టరీలన్నిటిలో ప్రతి షిఫ్టులో జరగాల్సిన ఒక పని మీద చర్చే రాలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఏహెచ్‌యూలు (గదికి గాలిని వడకట్టి పంపే యంత్రాలు), పొడిని లాగేసే డస్ట్ కలెక్టర్లు, వాటి డక్టులు అనే గాలి గొట్టాల తనిఖీ అది.

చాలామంది వీటిని ఉక్కపోత తగ్గించే సామానుగానే చూస్తారు. నిజానికి మండే ఆవిర్లున్న గదికి గాలే మొదటి రక్షణ. ఒక గదిని జోన్ 1గా (మామూలు పనిలోనే పేలే ఆవిరి అప్పుడప్పుడూ చేరే చోటు) చూడాలా, జోన్ 2గా (అది అరుదుగా, కాసేపే చేరే చోటు) చూస్తే సరిపోతుందా అని డిజైన్‌లో నిర్ణయించేటప్పుడు గాలి ఎంత బాగా ఆడుతుందన్నది లెక్కలోకి వస్తుంది. ఆ లెక్కను బట్టే అక్కడ ఎలాంటి మోటార్లు, లైట్లు, స్విచ్‌లు పెట్టాలో తేలుతుంది. ఆరేళ్ల తర్వాత ఫిల్టర్లు మూసుకుపోయి గాలి సగానికి పడిపోతే గోడ మీది డ్రాయింగ్‌లో ఆ గది ఇంకా జోన్ 2గానే ఉంటుంది. లోపల పనిచేసేవాడు మాత్రం అప్పటికే వేరే గదిలో ఉన్నట్టు లెక్క.

చెక్‌లిస్ట్‌లో మాత్రం 'ఫ్యాన్ రన్నింగ్, ఓకే' అని రోజూ టిక్కు పడుతూనే ఉంటుంది. ఈ టిక్కు దగ్గరే నాకు భయం. మోటారు రివైండింగ్‌కు వెళ్లి వచ్చాక ఫేజులు మారి బిగిస్తే సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. అయినా గాలి అదే దారిలో పోతుంది, కాకపోతే చాలా తక్కువ. బయట నిలబడి చూసేవాడికి చప్పుడూ ఉంటుంది, గాలీ తగులుతుంది. బెల్టు జారుతున్నా, కరెంటు బిల్లు కోసం మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీలో ఎవరో స్పీడ్ తగ్గించినా పరిస్థితి ఇంతే. టొలీన్, ఎంటీబీఈ ఆవిర్లు గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు, నేల మీదే పాకుతాయి. పీల్చే జాలీలు పైకప్పు దగ్గరే ఉంటే ఫ్యాన్ ఎంత బలంగా తిరిగినా కింద పేరుకున్నది అలాగే ఉంటుంది. పొడి సంగతి ఇంకోలా ఉంటుంది. డక్టులో గాలి వేగం తగ్గితే పొడి అక్కడే కూర్చుంటుంది. రక్షణ కోసం వేసిన గొట్టమే ఇంధనం దాచిన గొట్టం అవుతుంది.

రవ్వ కూడా ఆ ఫ్యాన్ నుంచే పుట్టవచ్చు. బేరింగ్ అరిగి ఇంపెల్లర్ (ఫ్యాన్ లోపలి రెక్కల చక్రం) కాస్త వంగితే కేసింగ్‌ను రాసుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుముకు అల్యూమినియం తగిలితే వచ్చే రవ్వ మామూలు రవ్వకంటే చాలా వేడి. లోపల అంటుకున్నా మంట బయటికి రానివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ జంక్షన్ బాక్స్‌కు ఒక్క బోల్టు లేకపోయినా, కేబుల్ లోపలికి వెళ్లే చోట బిగించే గ్లాండ్ ఒకటి వదులైనా దానిమీదున్న సర్టిఫికెట్‌కు అర్థం లేదు.

పాశమైలారం ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 37వ సెక్షన్ పేలే పొడి, ఆవిర్లు పేరుకోకుండా తొలగించాలని, నిప్పు పుట్టించే వాటిని దూరంగా ఉంచాలని చెప్పింది. ఎలక్ట్రికల్ పరికరాలకైతే ఐఎస్/ఐఈసీ 60079-17 ప్రమాణం ఉంది. చూపుతో, దగ్గరగా, విప్పి చూసి అని మూడు స్థాయిల తనిఖీ చెబుతుంది. మూడేళ్లకు మించి విరామం ఇవ్వాలంటే నిపుణుల సలహా ఉండాలంటుంది. లోటు ఎక్కడంటే, ఫ్యాన్‌కు యజమాని ఒక్కడు కాడు. మోటారు ఎలక్ట్రికల్ వాళ్లది, బెల్టు మెకానికల్ వాళ్లది, ఏహెచ్‌యూ యుటిలిటీది, డక్టు శుభ్రత ప్రొడక్షన్‌ది. నలుగురూ తమ ముక్కకు సంతకం పెడతారు. పొడినీ ఆవిరినీ పీల్చే మూతి, అంటే హుడ్ దగ్గర గాలి ఎంత లాగుతోందని కొలిచే మనిషి ఆ నలుగురిలో ఎవరూ కాకపోవచ్చు.

కొలిచి లోపం కనిపెట్టినా చాలదని అమెరికా అనుభవం చెబుతోంది. జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లోని ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీలో 2008 ఫిబ్రవరి 7న చక్కెర పొడి పేలి 14 మంది చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే డస్ట్ కలెక్షన్ వ్యవస్థను తనిఖీ చేశారు. కొన్ని డక్టులు ఉండాల్సినదానికంటే చిన్నవని, కొన్ని గొట్టాలు పూర్తిగా చక్కెర పొడితో నిండి ఉన్నాయని ఆ తనిఖీలోనే తేలింది. ఆ విషయం దర్యాప్తు నివేదికలో ఉంది. తనిఖీ జరిగింది, లోపం దొరికింది, మనుషులు మాత్రం దక్కలేదు.

అందుకే తనిఖీ చేసేవాడి చేతిలో ప్లాంట్ ఆపే అధికారం ఉండాలంటాను. ఫ్యాన్ ట్రిప్పయితే ప్రాసెస్ దానంతట అదే ఆగే ఇంటర్‌లాక్ ఉండాలి. అది పనిచేస్తోందో లేదో నిజంగా ఫ్యాన్ ఆపి చూడాలి. ప్రొడక్షన్ టార్గెట్ టెన్షన్‌లో జంపర్ వైరు వేసి దాన్ని బైపాస్ చేయడం ఎంత సులువో మెయింటెనెన్స్‌లో పనిచేసినవాళ్లందరికీ తెలుసు.

పాశమైలారంలో చనిపోయినవాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. ఇలాంటి గదుల తలుపు పక్కన గాలి ఒత్తిడి చూపే గేజ్ ఒకటి పెట్టి, ముల్లు ఏ గీత కిందికి దిగితే బయటికి వచ్చేయాలో తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత? అలా బయటికి వచ్చినవాడికి ఆ రోజు కూలీ కోయకూడదని కూడా ఆ బోర్డు మీదే రాయాలి.