గీతలుంటే చాలు, ట్రక్కు టైరు మార్చక్కర్లేదా?

మిర్చి సీజన్ వచ్చిందంటే గుంటూరు చుట్టుపక్కల ట్రాక్టర్ల గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతుంది. మాట్లాడే ఆయన ఎవరో తెలియదు గానీ గొంతులో ధీమాకి మాత్రం లోటు లేదు. ఆయన చెప్పేది క్లుప్తంగా ఇదీ: ట్రక్కుకి, అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టికి, ఇంజను లేదు, లాగితే వచ్చేదే, కాబట్టి దాని టైర్లకి పట్టుతో పనిలేదు. నేలకి తగిలేచోట గాడిగీతలు కనబడినంతకాలం టైరు మంచిదే, తయారీ తేదీ చూసి మార్చమనడం కంపెనీల వ్యాపారం. ఎండాకాలంలో గాలి పది పాయింట్లు తగ్గించి తోలాలి, లేకపోతే పేలుతుంది. ఏదో ఒక పాత టైరు ఎక్కిస్తే సరిపోతుంది, అమెరికాలో కూడా ట్రైలర్లకి వేరే చౌక టైర్లే వేస్తారు. ఒకవేళ పేలినా ట్రాక్టరు స్పీడెంత, ఏమీ కాదు.

ఇందులో అక్కడక్కడా కాస్త నిజం కలిసింది. జనం నమ్మేదీ అందుకే.

ముందు గాలి సంగతి. ఖర్చు లేని సలహా కాబట్టి వినగానే చేసేసేది అదే. వేడికి టైరులో గాలి ఒత్తిడి పెరుగుతుందన్నది నిజం. ఎంత పెరుగుతుందో లెక్క వేద్దాం. తెల్లారి 28 డిగ్రీల చల్లదనంలో 60 పీఎస్‌ఐ (గాలి కొట్టేచోట ‘పాయింట్లు’ అనేది దీన్నే) కొట్టించారు. మధ్యాహ్నం ఎండకీ పరుగుకీ కలిపి టైరులో గాలి 58 డిగ్రీలకి చేరిందనుకోండి. గేజి 67, 68 చూపిస్తుంది. అంతే. టైరు తయారుచేసేవాళ్లకి ఈ పెరుగుదల తెలుసు. ఎంత గాలి కొట్టాలో చెప్పే అంకె చల్లగా ఉన్న టైరుకి చెప్పినది, వేడికి పెరిగే వాటా దానికి పైన ఉంటుందని లెక్కలోకి తీసుకునే చెప్పినది.

ఇప్పుడు మెసేజ్ మాట విని 50తో బయల్దేరితే ఏమవుతుంది? బరువు మీద టైరు పక్కభాగం నేల తగిలిన ప్రతిసారీ ఎక్కువగా నలిగి మళ్లీ లేస్తుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే వంపు దగ్గర వేడెక్కుతుంది చూడండి, అదే పని ఇక్కడ నిమిషానికి వందకి పైగా సార్లు జరుగుతుంది. ఆ వేడికి లోపలి నైలాన్ దారాలకీ రబ్బరుకీ మధ్య అతుకు వదులవుతుంది. పొర లేస్తుంది. టైరు పేలేది ఎక్కువగా ఇలాగే. అంటే పేలకూడదని గాలి తగ్గించినాయన పేలడానికి కావలసిన వేడిని తనే పుట్టిస్తున్నాడు. మిర్చి యార్డుకి వచ్చాక గేజి పెట్టి ‘ఎక్కువుంది’ అని వేడి మీదే గాలి వదిలేయడం కూడా ఇదే తప్పు. రాత్రి చల్లారాక అది ఇంకా కింద ఉంటుంది, మర్నాడు లోడు దానిమీదే ఎక్కుతుంది.

గీతల మాట కొంచెం నింపాదిగా చూడాలి, అసలు మోసం అక్కడుంది. ట్రాక్టరు వెనక చక్రం నేలని తవ్వి లాగుతుంది, కాబట్టి అరుగుతుంది. ట్రక్కు చక్రం ఊరికే దొర్లుతుంది. పైగా ఏడాదిలో నికరంగా తిరిగేది ఎన్నాళ్లు? మిర్చి కోతలప్పుడు, వరి ఇంటికి చేర్చేటప్పుడు. మిగతా కాలమంతా దొడ్లోనో చేను గట్టునో, సగం లోడు కట్టెలో ఇటుకలో మీద పెట్టుకుని నిలబడి ఉంటుంది. అలాంటి టైరుకి ఎనిమిదేళ్లయినా గీతలు నిక్షేపంగా ఉంటాయి. రబ్బరు మాత్రం ఎండకీ గాలిలోని ఓజోనుకీ ఎండిపోతూనే ఉంటుంది. దీన్ని ఆపడానికే రబ్బరులో ఒక రకం మైనం కలుపుతారు. టైరు దొర్లి నలుగుతుంటే ఆ మైనం పైకి వచ్చి పొరలా కాపాడుతుంది. కదలకుండా నిలబడ్డ టైరుకి ఆ కాపలా సరిగ్గా అందదు. వాడకపోతే కొత్తగా ఉంటుందనుకునే వస్తువుల్లో టైరుని కలపకండి. వాడని టైరు పక్కల్లో వెంట్రుకవాసి పగుళ్లు, ముఖ్యంగా డిస్కు (టైరు ఎక్కించే ఇనప చక్రం) అంచు దగ్గర, ఒకసారి వేలితో నొక్కి చూస్తే విచ్చుకుంటాయి.

తేదీ కనుక్కోవడం కష్టమేం కాదు. పక్కన అచ్చువేసిన అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం, జూన్ నెల అన్నమాట. చాలా టైర్లకి ఈ అంకెలు ఒక పక్కనే ఉంటాయి, అది లోపలివైపు పడితే ట్రక్కు కింద దూరి టార్చి వేసుకుని చూడాల్సిందే. మెసేజ్ చెప్పినాయన ఒక మాటలో కరెక్టు: దానిమీద ‘ఈ తేదీ తర్వాత పనికిరాదు’ అని ఎవరూ అచ్చువేయరు. అయిదేళ్లు దాటాక ఏటా విప్పి చూపించుకోమనీ, ఎంత బాగా కనిపించినా పదేళ్లకి తీసేయమనీ పెద్ద కంపెనీలు చెబుతాయి. మన ఎండల్లో, మన లోడుల్లో పదేళ్ల దాకా ఆగడం నాకైతే అత్యాశే. పక్కన బుడిపె లేచినా, దారాలు తేలినా వయసు లెక్కే అక్కర్లేదు. లోపల దారం తెగితేనే ఆ బుడిపె లేస్తుంది. లోపలినుంచి ప్యాచ్ వేస్తే గాలి ఆగుతుందేమో, తెగిన దారం అతకదు.

అమెరికా కబురుకి వద్దాం. అక్కడ కారు వెనక ఇల్లులాంటి ట్రైలర్ కట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లున్నారు. వాటి టైర్లమీద ‘ఎస్‌టీ’ అని ఉంటుంది, ట్రైలర్‌కే ప్రత్యేకం అని. వేరే రకమన్న మాట నిజం. ఆ వేరేతనం ఎందులో అంటే, బరువు మోయడానికీ వెనక బండి ఊగకుండా ఉండడానికీ పక్కభాగం బిరుసుగా కడతారు. పాత ఎస్‌టీ టైర్లలో చాలావాటికి గంటకి 65 మైళ్లు, అంటే సుమారు 105 కిలోమీటర్లు దాటొద్దని హద్దు కూడా ఉండేది. గీతలు అరగకపోయినా అయిదారేళ్లకి మార్చేయమన్నది ఆ ట్రైలర్ల వాళ్లకి మామూలుగా చెప్పే సలహా, కారణం పైన చెప్పిందే, ఎక్కువకాలం నిలబడి ఉండడం. మెసేజ్‌లో ఆయన తెచ్చిన సాక్షి ఆయనకే ఎదురు తిరిగాడు.

ఏదో ఒక పాత టైరు అన్నదానికి బరువే జవాబు. వంద టిక్కీల (బస్తాల) మిర్చి, టిక్కీ 45 కిలోల చొప్పున నాలుగున్నర టన్నులు. ట్రక్కు సొంత బరువు దానికి అదనం. కొంత ట్రాక్టరు హుక్కు మీద పడినా, రెండు చక్రాల ట్రక్కులో ఒక్కో టైరు మీద రెండు టన్నులు దాటుతుంది. అందుకే దానికి 9.00-16 సైజు లాంటి దళసరి నైలాన్ టైర్లు వేస్తారు. జనరేటర్లూ సౌండ్ బాక్సులూ మోసే చిన్న ట్రైలర్లకి మాత్రం కారు నుంచి విప్పిన టైర్లు ఎక్కించేస్తున్నారు. కారు టైరు మీద సైజు పక్కన, బరువుకి గుర్తుగా 91 అన్న అంకె ఉంటే అది మోయగలిగేది 615 కిలోలే. రెండింటి మీదా కలిపి టన్నుంపావు కూడా లేదు.

ఆటోనగర్‌లో దొరికే రీట్రేడింగ్ టైర్లన్నీ చెత్త అని నేననను. లోపలి కట్టు గట్టిగా ఉంటే మళ్లీ రబ్బరు వేసిన టైరు నెమ్మదిగా తిరిగే ట్రక్కుకి బాగానే పనిచేస్తుంది. గుండు టైరుకి వేడి బ్లేడుతో గీతలు కోసి అమ్మేవాటి దగ్గరే జాగ్రత్త. ‘రీగ్రూవబుల్’ (మళ్లీ గీతలు కోయొచ్చు) అని పక్కన అచ్చున్న వాటికి తప్ప ఆ కోత చెల్లదు, మిగతావాటికి బ్లేడు దాదాపు దారాల దాకా దిగుతుంది.

పట్టు అక్కర్లేదన్న మాటకి రెండు ముక్కలు చాలు. మన ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులు లేవు. వానరోడ్డు మీద ట్రాక్టరు బ్రేకు కొడితే వెనకనుంచి లోడు తోస్తుంది, అప్పుడు ట్రక్కు పక్కకి జారకుండా పట్టుకునేది ఆ టైర్లే.

ఇక స్పీడు తక్కువ కాబట్టి ఏమీ కాదట. వేగం తగ్గితే వేడి తగ్గుతుంది, అదీ ఒప్పుకోవాల్సిందే. కానీ రెండు చక్రాల ట్రక్కులో ఒక పక్క టైరు పోతే ఎత్తుగా పేర్చిన లోడంతా ఆ పక్కకే ఒరుగుతుంది, హుక్కు మెలిపడుతుంది. అది హైవే మీద కాజ టోల్‌గేటు దగ్గర, చీకట్లో, వెనక రిఫ్లెక్టరు లేకుండా జరిగితే వెనక వచ్చే కార్ల స్పీడు లెక్కలోకి వస్తుంది, ట్రాక్టరుది కాదు.

మార్చేటప్పుడు పాతది ఎలా అరిగిందో చూడకుండా కొత్తది ఎక్కించకండి. ఒక అంచే అరిగితే ఇరుసు వంగి ఉండొచ్చు, బేరింగు ఆడుతూ ఉండొచ్చు. అది సరిచేయకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. ఒకే ఇరుసు మీద రెండూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి, నైలాన్ ఒకవైపు రేడియల్ (లోపలి కట్టు వేరేగా ఉండే రకం) ఒకవైపు పనికిరాదు. ట్యూబు, ఫ్లాపు (ట్యూబుకీ డిస్కుకీ మధ్య వేసే రబ్బరు పట్టీ) కూడా కొత్తవే వేయించండి. లోడు దించి, ట్రాక్టరుకి తగిలించే ఉంచి, రెండో చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టి, గట్టి నేల మీద ఇరుసు కింద జాకీ వేయాలి. నట్లు ఎదురెదురువి బిగించుకుంటూ రావాలి, ఓ యాభై వంద కిలోమీటర్లు తోలాక స్పానరు పెట్టి మళ్లీ ఒకసారి చూడాలి, కొత్తగా విప్పి బిగించినవి కొద్దిగా వదులవుతాయి.